గడ్డి కడుపు

కపనపారో అశ్వదళం కొండలు దాటి తాస్కిరా ఊళ్లోకి దిగేసరికి అందులో ఒక్క గుర్రం కూడా మిగల్లేదు.

మైదానాల మనుషులు వాళ్ళు. నడక నేర్వకముందే గుర్రమెక్కినవాళ్ళు. పక్క గుడిసెకి నిప్పు అడగడానికి వెళ్ళాలన్నా జీను వేసుకునే బయలుదేరేవాళ్ళు. స్పెయిన్ రాజు సైన్యంతో ఏళ్ళ తరబడి సాగుతున్న స్వాతంత్ర్య యుద్ధంలో ఆ దళం బల్లేలు దూరాన కనబడితే చాలు, శత్రువుల కాల్బలం ఒకరినొకరు ఆనుకుని బిగుసుకుపోయేది. అలాంటివాళ్ళని నడి వానాకాలంలో ఆండీస్ కొండల మీదికి ఎక్కించాడు జనరల్. ఆ కాలంలో ఆ దారిన ఎవరూ రారని శత్రువు నిశ్చింతగా ఉన్నాడు కనుక అదే దారి పట్టాడు. మెత్తటి నేల తప్ప ఎరగని డెక్కలు రాళ్ళ మీద పగిలిపోయాయి. ఇంకా పైకి వెళితే చెట్టన్నది లేని పారమో అనే ఎత్తు బయళ్ళ చలిలో గుర్రాలు నిలబడ్డచోటే మోకాళ్ళ మీద కూలాయి. రౌతులు జీనులు నెత్తిన పెట్టుకుని, బల్లేలు చేతికర్రల్లా పొడుచుకుంటూ దిగివచ్చారు.

ఆ రోజు ఆదివారం. చర్చిలో పూజ ముగిసి జనం బయటికి వస్తున్నారు. ఎదురుగా నిలబడ్డ ఈ మనుషుల్ని చూసి ఆడవాళ్ళు చటుక్కున మొహాలు తిప్పుకున్నారు. సగంమందికి ఒంటిమీద గోచీపాటి గుడ్డ లేదు. ఎముకలు కొరికే గాలికి వణుకుతూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్లేల చాటున నక్కి నిలబడ్డారు.

వాళ్ళలో సార్జెంటు కసీల్దో గువరాతా ఒకడు. మైదానాల్లో అతన్ని చూస్తే కుర్రకారు దారి వదిలేవాళ్ళు. ఇప్పుడు చలికి అతని పళ్ళు టకటకమంటుంటే ఆపుకోలేక దవడని చేత్తో పట్టుకున్నాడు.

ఆడవాళ్ళ గుంపులోంచి ఒకావిడ ముందుకు వచ్చింది. పేరు కుస్తోదియా సీసా. నలభైకి దగ్గరపడ్డ మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది. ఆ కొండల్లో ఆడవాళ్ళు ఒకదానిమీద ఒకటి మూడు నాలుగు ఉన్ని పావడాలు కడతారు. ఆవిడ పైదాని ముడి విప్పి, కిందికి జార్చి, తీసి అతని చేతికిచ్చింది.

"కట్టుకోండయ్యా. ఉన్నిగుడ్డకి ఆడా మగా తెలీదు. వెచ్చగా ఉండటమే దానికి తెలుసు."

అది చూసి మిగతా ఆడవాళ్ళూ పావడాలు విప్పారు. మగవాళ్ళు తల దూర్చి కప్పుకునే రువానాలు, టోపీలు, నడుముకి చుట్టుకున్న పట్టీలు తీసి ఇచ్చారు. కాసేపట్లో దళమంతా పావడాలు కట్టుకుని చర్చి ముందు నిలబడింది.

కసీల్దోతో చిన్నప్పటినుంచి కలిసి పెరిగిన నెపోముసేనో, అందరూ నెపో అనేవాడు, పడీపడీ నవ్వాడు. "ఏం బావా, పెళ్ళెప్పుడు? పిల్లవాడు ఎవరు?"

"నువ్వేరా. కన్యాశుల్కం కింద నీ జీను రాసివ్వు."

కుస్తోదియా కూడా నవ్వింది. వాళ్ళిద్దరినీ తన ఇంటికి తీసుకెళ్ళింది. మట్టిగోడల ఒంటిగది ఇల్లు. బంగాళాదుంపలు, చిక్కుడు గింజలు వేసి కాచిన చిక్కటి పులుసు పోసింది. అడుగున మాడిన ముక్కలు కూడా వాళ్ళు గోకి తింటుంటే చూసి, ఇంకో కుండ పొయ్యి మీద పెట్టింది. దండెం మీదినుంచి ఒక నల్ల రువానా తీసి కసీల్దో భుజాల మీద వేసింది.

"మా ఆయనది. రెండేళ్ళ కిందట రాజుగారి సిపాయిలు తాడేసి కట్టి తీసుకెళ్ళారు సైన్యంలోకి. మళ్ళీ రాలేదు. మీరైనా కప్పుకోండి."

తిండి కడుపులో పడ్డాక కసీల్దో ఉండబట్టలేక పెరట్లోకి వెళ్ళాడు. ఎందుకంటే అక్కడినుంచి గుర్రం వాసన వస్తోంది. నెపో, కుస్తోదియా అతని వెనకే వచ్చారు. దాల్చినచెక్క రంగు ఆడగుర్రం, పేరు కనేలా. కొండగుర్రం కాబట్టి పొట్టిదే, కానీ కాళ్ళు ఇనుప కడ్డీల్లా ఉన్నాయి. అతను మెడ నిమిరి, వీపు నిమిరి, అరచెయ్యి కడుపు కింద ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఎప్పుడు ఈనుతుందమ్మా ఇది?"

"నెల దాటుతుందేమో అంటున్నారు. తమరికి తెలుస్తుందా?"

"తెలియకేం? పిల్ల బాగా కదులుతోంది. కడుపు ఎడమకి వాలింది చూడండి. ఆడపిల్ల."

కుస్తోదియా మొహం వెలిగిపోయింది. కొండ మీద కట్టెలు కొట్టి, ఈ గుర్రం మీద వేసుకుని కింద పట్నంలో రొట్టెలబట్టీలకి అమ్ముతుందట. అదే ఆమె బతుకుతెరువు. ఇంకో గుర్రం ఉంటే చెల్లెల్ని కూడా తెచ్చుకుని దగ్గర పెట్టుకోవచ్చని చాలా కాలంగా ఆలోచిస్తోందట. ఆ మాటలు వింటూ కసీల్దో గుర్రం నుదుటిమీద తన నుదురు ఆనించాడు. కొండ మీద వదిలేసి వచ్చిన తన గుర్రం గుర్తొచ్చి కళ్ళు తడిసాయి. అది ఆమె చూసింది. మంచి మనిషి అనుకుంది.

మరో వారానికి జనరల్ దగ్గరనుంచి ఆజ్ఞ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ గుర్రాలివ్వాలి. చూడివి, పాలిచ్చేవి, కుంటివి, గుడ్డివి మాత్రం వదిలెయ్యాలి. చివర్న ఇంకో మాట కూడా ఉంది. గుర్రం దొరకని రౌతులు తుపాకీ పుచ్చుకుని కాల్బలంలో చేరాలి.

ఆ చివరి మాటకి దళమంతా పాలిపోయింది. మైదానాల మనిషికి చావు లెక్కలోది కాదు. కానీ నేల మీద నిలబడి, వరసలో దూరి, పక్కవాడి మోచెయ్యి తగులుతుండగా నడవడమంటే? దానికన్నా ఉరి నయం అనుకునే రకం వాళ్ళు.

ఊరి కళ్ళం దగ్గర గుర్రాల ఎంపిక జరిగింది. దళానికి నాయకుడైన కర్నల్ బెర్రోతెరాన్ రాతి అరుగు మీద కూర్చున్నాడు. ఊరివాళ్ళు గుర్రాలని ఒక్కొక్కటే తీసుకొచ్చారు. కొందరు కళ్ళు తుడుచుకుంటూ ఇచ్చారు. కొందరు నిజంగానే ఉత్సాహంగా ఇచ్చారు. ఒక పక్కన కాల్బలం అధికారి ఒకడు, మిగిలిపోయిన రౌతుల్ని తోలుకుపోవడానికి కాచుకుని ఉన్నాడు. గుర్రాలు తరిగిపోయాయి. నెపోకి ఒకటి దొరికింది. కసీల్దోకి దొరకలేదు.

చివరగా కుస్తోదియా కనేలాని పట్టుకుని వచ్చింది. అన్ని గుర్రాలనీ చూపించాలన్నారు కనుక చూపించడానికే వచ్చింది. దాన్ని తీసుకుంటారన్న భయం ఆమెకి ఏ కోశానా లేదు.

"ఇది చూడిదండీ అయ్యగారూ," అంది కర్నల్‌తో. "ఈ సార్జెంటు గారే చెప్పారు."

కర్నల్ కసీల్దో వైపు తిరిగాడు. "ఏం సార్జెంటు? చూడిదేనా?"

కసీల్దో గుర్రం దగ్గరికి నడిచాడు. అందరూ చూస్తున్నారు. కాల్బలం అధికారి గడ్డం గోక్కుంటూ అతన్నే చూస్తున్నాడు. కసీల్దో ఒంటిమీద ఇంకా కుస్తోదియా ఇచ్చిన పావడా ఉంది. అరచెయ్యి కడుపు కింద పెట్టాడు. లోపలి పిల్ల కాలితో గట్టిగా తన్నింది. ఆ తన్ను మోచేతి దాకా తెలిసింది అతనికి.

"కాదు కర్నల్ గారూ," అన్నాడు. "గడ్డి కడుపు. వానగడ్డి మేసి ఉబ్బింది."

కుస్తోదియా అతని మొహంలోకి చూసింది. పొరబడ్డాడేమో, మళ్ళీ చెయ్యి పెట్టి చూస్తాడేమో అన్నట్టు కాసేపు ఆగింది. అతను చెయ్యి తీసేసి జీను కోసం వెళ్ళాడు.

"అయ్యగారూ, మీరే కదా ఆడపిల్లన్నారు..."

ఊరి పెద్దమనిషి ఒకాయన గొంతెత్తాడు. "చాల్లే కుస్తోదియా! మేం రెండేసి గుర్రాలిచ్చాం. ఒక్కటి దాచుకోవడానికి ఇన్ని వేషాలా?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె పగ్గం వదల్లేదు. ఒక సిపాయి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి పగ్గం తీసుకున్నాడు. కసీల్దో జీను బిగిస్తున్నప్పుడు నడుంపట్టీ మామూలుగా పెట్టే చోట అందలేదు. ఎవరూ చూడకుండా రెండు బెజ్జాలు వదులు చేశాడు.

యుద్ధం చిత్తడినేల పక్కన, ఒక కొండచరియ కింద జరిగింది. పొద్దుటినుంచి వాన. మధ్యాహ్నానికి జనరల్ సైన్యం వెనక్కి తగ్గి, బురదకీ కొండకీ మధ్య ఇరుక్కుంది. అప్పుడు కపనపారో దళాన్ని వదిలారు. పావడాలు మోకాళ్ళ పైకి దోపుకుని, కొండ గుర్రాల మీద, ఆ ఏటవాలు ఎక్కుతూ దూకారు వాళ్ళు. మైదానాల గుర్రాలైతే ఆ చరియ ఎక్కలేకపోయేవి. కనేలా ఎక్కింది. రొప్పుతూ, గిట్టలు రాళ్ళలో గుచ్చుకుంటూ, అందరికన్నా ముందు ఎక్కింది. దాని కడుపు బరువు ఒక పక్కకీ ఇంకో పక్కకీ ఊగుతున్నట్టు కసీల్దో పిక్కలకి తెలుస్తూనే ఉంది. మడమలతో పొడిచాడు. పైన శత్రువు జెండా మోస్తున్నవాణ్ణి బల్లెంతో పడగొట్టి జెండా లాక్కున్నాడు. పొద్దు వాలేసరికి గెలుపు వాళ్ళదైంది.

అందరూ అరుస్తూ ఒకరినొకరు కౌగిలించుకుంటుంటే కనేలా వాగు దాకా నడిచి వెళ్ళి పక్కకి ఒరిగి పడుకుంది. కసీల్దో పరుగెత్తాడు. అతనికి తెలిసిన పనే అది, ఎన్నో గుర్రాలకి చేశాడు. మోచేతుల దాకా చేతులు పెట్టి లాగాడు. పిల్ల బయటికి వచ్చింది. ఒంటినిండా వెంట్రుకలు వచ్చేశాయి, తల్లి రంగే. ఊపిరి లేదు. మూతి తుడిచి నోట్లోకి గాలి ఊదాడు. కాళ్ళు రుద్దాడు. లాభం లేకపోయింది. నల్ల రువానా విప్పి పిల్ల మీద కప్పాడు. తల్లి మెడ ఎత్తి ఆ రువానా వాసన చూడబోయి, అందక తల వాల్చేసింది. నెత్తురు ఆగలేదు. చీకటిపడే లోపే అదీ పోయింది.

నెపో వచ్చి పక్కన కూలబడ్డాడు. రువానా కింద ఏముందో అడగలేదు.

"జనరల్ నిన్ను పిలుస్తున్నాడు బావా. లెఫ్టినెంటువి చేశారు నిన్ను."

కసీల్దో చేతులు వాగులో కడుక్కుని వెళ్ళాడు.

ఆ తర్వాత గెలుపు మీద గెలుపు వచ్చింది. శత్రువు వెనక్కి పోయాడు. కపనపారో దళం కింద పట్నంలో విడిది చేసింది. పావడాలు పోయి, పట్టుబడ్డ గోదాముల్లోని నీలం కోట్లు వచ్చాయి. కసీల్దో కోటుకి భుజం మీద బంగారు జరీ కూడా ఉంది. దళానికి చెందిన పాదిరీ, ఫాదర్ బెర్నాల్, దళం చరిత్ర రాయడం మొదలుపెట్టాడు. ఏ యుద్ధంలో ఎవరేం చేశారని సిపాయిల్ని పిలిచి అడిగేవాడు. కసీల్దోని కూడా అడిగాడు.

"ఆ చరియ ఎక్కిన గుర్రం నీకెక్కడిది నాయనా?"

"తాస్కిరాలో ఒకావిడ ఇచ్చింది ఫాదర్."

"ఇచ్చిందా? ఏమంటూ ఇచ్చింది?"

కసీల్దో బూటు ముక్కుతో నేల గీకాడు. "పెద్దగా ఏం అనలేదు."

పాదిరీకి కలం బలం ఎక్కువ. ఆ మిగతాది ఆయనే సమకూర్చుకున్నాడు.

విజయానికి కృతజ్ఞతగా పట్నం చర్చిలో పూజ జరిగింది. అది ముగిశాక చర్చి మెట్ల మీద నిలబడి ఫాదర్ బెర్నాల్ దళం చరిత్ర చదివి వినిపించాడు. చౌకు నిండిపోయింది. కర్నల్, దొరలు, వర్తకులు ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్నారు. చిచా అనే మొక్కజొన్న కల్లు కుండలు తెరిచారు. కసీల్దో మెట్ల పక్కన నిలబడ్డాడు, ఆడపిల్లలు అతని మీద పూలు విసురుతున్నారు.

"తాస్కిరాలో," చదువుతున్నాడు పాదిరీ, "ఒక పేదరాలు తనకున్న ఒకే ఒక్క గుర్రాన్ని, కన్నీళ్ళతో కాదు, చిరునవ్వుతో తీసుకొచ్చి, నా దేశానికి నా కానుక ఇదే అని మన వీరుడి చేతిలో పగ్గం పెట్టింది..."

"నేనలా అనలేదు!"

జనం తలలు తిప్పారు. చౌకు మూలలో, రొట్టెల వీధి మొదట్లో కుస్తోదియా నిలబడి ఉంది. వీపు మీద కట్టెలమోపు. మోపు తాడు నుదుటికి పట్టీలా బిగించి ఉండటం వల్ల మెడ ఎత్తలేక కిందినుంచి పైకి చూస్తోంది. గుర్రం మోసే బరువు ఇప్పుడు తనే మోస్తోంది.

"నేనలా అనలేదు ఫాదర్. అది చూడి గుర్రం. అబద్ధమాడి లాక్కున్నారు."

పాదిరీ కాగితం దించాడు. కర్నల్ కుర్చీలోంచి లేవకుండానే చెయ్యెత్తాడు. నలుగురి ముందూ వ్యవహారం తేల్చేద్దామన్నట్టు తాపీగా అడిగాడు.

"లెఫ్టినెంట్ గువరాతా. ఆ గుర్రం ఎక్కినవాడివి నువ్వు. ఈమె మాట నిజమా?"

కళ్ళం దగ్గర ఆడిన అబద్ధానికైతే సాకులు వెతుక్కున్నాడు కసీల్దో. ఆ క్షణంలో నోరు జారిందనుకున్నాడు. యుద్ధం గెలవాలి కదా అనుకున్నాడు. ఇప్పుడు ఏ సాకూ లేదు. ఆ చరియ మీది యుద్ధం అయిపోయింది, గుర్రం చచ్చిపోయింది, ఆ పిల్లని తన చేతులతోనే బయటికి తీశాడు. నిజమని ఒక్క మాటంటే చాలు. నోరు తెరిచాడు. ఎదురుగా నీలం కోట్లు, పూలు, వెనక్కి తిరిగి చూస్తున్న వందల మొహాలు.

"గడ్డి కడుపే కర్నల్ గారూ," అన్నాడు.

చౌకంతా గొల్లున నవ్వింది. "గడ్డికడుపు! గడ్డికడుపు!" అని అరిచాడు ఒక తాగుబోతు. "రాజుగారి మనిషి!" అంది ఇంకో గొంతు. ఎవరో అరటితొక్క విసిరారు, అది కట్టెలమోపుకి తగిలి జారింది. కుస్తోదియా ఎవరినీ తిట్టలేదు. తాడు సర్దుకుని, బరువుతో వంగిపోయి, రొట్టెల వీధిలోకి నడిచింది. పాదిరీ గొంతు సవరించుకుని ఆపినచోటినుంచి మళ్ళీ అందుకున్నాడు.

అప్పటినుంచి కసీల్దోకి తిండి సయించలేదు. అద్దంలాంటిది ఎదురైతే పక్కకి తప్పుకునేవాడు. పూలిచ్చిన పిల్లలు పలకరిస్తే కోపమొచ్చేది. వారం పది రోజులు చూసి, శత్రువుల దగ్గర పట్టుబడ్డ గుర్రాల్లోంచి తన వాటాకి వచ్చిన మంచి బూడిదరంగు గుర్రాన్ని తీసుకుని ఒక్కడే తాస్కిరా ఎక్కాడు.

కుస్తోదియా గుమ్మంలో కూర్చుని దుంపలు చెక్కుతోంది. లేవలేదు.

"అమ్మా, దీన్ని తీసుకోండి. మూడేళ్ళది. నెమ్మదైంది. బరువు మోస్తుంది."

ఆమె గుర్రం చుట్టూ ఒకసారి నడిచింది. తొడ మీద కాల్చి వేసిన ముద్ర చూసి ఆగింది.

"ఇది గుయాతా ఊరి మిల్లువాడి ముద్ర."

"శత్రువుల దగ్గర పట్టుకున్నామమ్మా."

"అవును. మిల్లువాడి దగ్గర వాళ్ళు లాక్కున్నారు. వాళ్ళ దగ్గర మీరు లాక్కున్నారు. రేపు మిల్లువాడు వచ్చి నా పెరట్లో చూస్తే నన్ను దొంగంటాడు. ఇప్పటికే ఒక పేరుంది నాకు. సంతలో పిల్లలు కూడా గడ్డికడుపు అనే పిలుస్తున్నారు. దున్నుకోవడానికి ఎద్దులు అడిగితే ఊళ్లో ఎవరూ ఇవ్వలేదు."

కసీల్దో టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలని వచ్చాడు. క్షమించమనాలా, ఇంకేమన్నా అనాలా? ఏ మాట తట్టినా అది నోట్లోకి వచ్చేసరికి రుచి మారిపోతోంది. మాటలు అక్కర్లేకుండా గుర్రాన్నిచ్చి పని ముగించుకుపోదామనుకున్నాడని అప్పుడు తెలిసింది అతనికి.

ఆమె మళ్ళీ కూర్చుని కత్తి అందుకుంది. దుంప చెక్కుతూ తలెత్తకుండా అడిగింది.

"ఈనిందా?"

"ఈనింది. యుద్ధమయ్యాక. బతకలేదు. తల్లీ బతకలేదు."

"ఆడపిల్లేనా?"

"ఆడపిల్లే."

ఆమె తల ఊపింది. గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అతను గుర్రాన్ని పట్టుకుని కొండ దిగాడు, ఎక్కకుండా.

ఆ సాయంత్రమే కర్నల్ బెర్రోతెరాన్ దగ్గరికి వెళ్ళాడు. కర్నల్ చొక్కా విప్పి, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఉన్నాడు.

"కర్నల్ గారూ, ఆ తాస్కిరా గుర్రం చూడిదే. నేను అబద్ధం చెప్పాను. రెండుసార్లు చెప్పాను."

"తెలుసు."

కసీల్దోకి అర్థం కాలేదు. "ఏమిటి తెలుసు?"

"ఒరే, నేనూ మైదానాల వాణ్ణేరా. మా నాన్న మూడువందల గుర్రాలకి కాపరి. అది నడిచొస్తుంటేనే తెలిసింది నాకు. దళంలో ఎవడికి తెలీదనుకున్నావు? నీ నెపోకి తెలీదా? పగ్గం లాక్కున్న సిపాయికి తెలీదా?"

"మరి నన్నెందుకు అడిగారు?"

"నువ్వు చెబితే నేను చెప్పక్కర్లేదు కదా." కర్నల్ ఒక కాలు తీసి తుడుచుకున్నాడు. "నీకు గుర్రం కావాలి. నాకు రౌతు కావాలి. ఆ చరియ ఎక్కకపోతే ఈపాటికి మనందరినీ పాతిపెట్టేసేవాళ్ళు. వెళ్ళి పడుకో. ఇది ఎక్కడా అనకు. పాదిరీ ఆ చరిత్ర రాజధానికి పంపించేశాడు కూడాను."

తన ఒక్కడి తప్పు కాదని తెలిస్తే మనసు తేలికపడాలి. పడలేదు. పావడాలు కట్టుకుని చర్చి ముందు నవ్వుకున్న ఆ మనుషులందరూ కళ్ళం దగ్గర నోరు మూసుకుని నిలబడ్డారని తెలిసి ఇంకా కుంగిపోయాడు. ఆ రోజునుంచి సహచరుల మొహాలు చూడటం కూడా కష్టమైంది.

దళానికి దక్షిణం వెళ్ళమని ఆజ్ఞ వచ్చింది. పట్నం వదిలి వెళ్ళే ఉదయం దారి పొడవునా జనం. బాకాలు, జెండాలు. రొట్టెల వీధిలోంచి వెళ్ళాలి. వీధి ఇరుకు, రెండు గుర్రాలకి మించి పక్కపక్కన పట్టవు. కసీల్దో ముందు వరసలో ఉన్నాడు, నెపో పక్కన. ఎదురుగా కుస్తోదియా కట్టెలమోపుతో వస్తోంది. గుర్రాల్ని చూసి ఒక బట్టీ గోడకి అంటుకుని నిలబడింది. బట్టీ నడిపే లావుపాటి ఆవిడ చేతిలోని పూలగంపతో ఆమెని తోసింది.

"జరుగు జరుగు గడ్డికడుపు! వీరులు వస్తున్నారు, కనబడటం లేదా?"

కసీల్దో కళ్ళెం లాగాడు. గుర్రం ఆగింది. వెనక గుర్రాలు దానికి గుద్దుకుని ఆగాయి. అతను దిగి బట్టీ ఆవిడ దగ్గరికి నడిచాడు. ఆవిడ పువ్వు ఇవ్వబోయింది.

"అమ్మా, ఆ పేరు ఆవిడది కాదు. ఆ గుర్రం చూడిదే. నేను చేత్తో పట్టి చూశాను. పిల్ల నా అరచేతిలో తన్నింది. తెలిసే అబద్ధమాడాను. కళ్ళం దగ్గర ఆడాను, చౌకులో మీ అందరి ముందూ ఆడాను."

గట్టిగానే అన్నాడు. వీధి ఆ చివరి దాకా వినబడింది. బాకా ఊదేవాడు సగంలో ఆపేశాడు. బట్టీ ఆవిడ చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది.

కసీల్దో వెనక్కి తిరిగి రౌతుల వైపు చూశాడు. ఒక్కడూ కళ్ళు కలపలేదు. అందరూ గుర్రాల జూలు సర్దుతున్నారు, కళ్ళేలు చూసుకుంటున్నారు. నెపో నెమ్మదిగా, తన జీనుతో చెబుతున్నట్టు అన్నాడు. "నాకూ తెలుసు. పెరట్లో నేనూ ఉన్నాను."

వెనకనుంచి కర్నల్ కేక వినబడింది. "ఏమిటక్కడ? కదలండి!"

కసీల్దో కుస్తోదియా ముందు టోపీ తీసి నిలబడ్డాడు. ఆమె తాడు కిందినుంచి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు, చల్లబడటమూ లేదు. చాలా అలసట ఉంది.

"దారి వదలండయ్యా," అంది. "బరువుగా ఉంది."

అతను పక్కకి తప్పుకున్నాడు. గుర్రాలు గోడకి ఒదిగి ఆమెకి దారి ఇచ్చాయి. ఆమె ఆ నీలం కోట్ల మధ్యనుంచి, ఎవరి మొహమూ చూడకుండా, వీధి చివరి బట్టీ దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజు విడిదిలో కర్నల్ తన చేత్తోనే కసీల్దో భుజం మీది జరీ కోసేశాడు. దళం పరువు వీధిలో పారబోశావన్నాడు. కసీల్దో మామూలు రౌతుగా దక్షిణానికి వెళ్ళాడు, అక్కడినుంచి ఇంకా దక్షిణానికి. యుద్ధం ముగిసేదాకా దళంతోనే ఉన్నాడు. ఆ యుద్ధాల్లో నెపో పోయాడు. ఫాదర్ బెర్నాల్ రాసిన చరిత్ర రాజధానిలో అచ్చయిందని, అందులో చిరునవ్వుతో గుర్రాన్నిచ్చిన పేదరాలి కథ అలాగే ఉందని ఎవరో చదివి చెప్పారు. తన పేరు కూడా ఉందట. మార్చమని ఎవరిని అడగాలో అతనికి తెలియలేదు, అడగనూలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, మైదానాల్లో పశువులు కాసుకుంటున్న రోజుల్లో, ఉప్పు అమ్మడానికి కొండలమీదినుంచి దిగిన కంచరగాడిదలవాడు ఒకడు రాత్రి బసకి అతని గుడిసె దగ్గర ఆగాడు. తాస్కిరా మీదుగానే వస్తున్నానన్నాడు. కసీల్దో నీళ్ళిచ్చి, చాలాసేపు తటపటాయించి అడిగాడు.

"అక్కడ కట్టెలమ్మే కుస్తోదియా అని ఒకావిడ..."

"కుస్తోదియా సీసానా? ఎందుకు తెలీదూ? ముసలిదైపోయింది. చెల్లెలు వచ్చి ఉంటోంది దగ్గర. ఒక గాడిదని కొనుక్కున్నారు. తమరికి చుట్టమా?"

సంతోషం గొంతు దాకా వచ్చింది కసీల్దోకి. వెంటనే, సంతోషించడానికి నువ్వెవడివి అని తనలో ఎవరో అడిగినట్టయింది.

"కాదు," అన్నాడు. "ఒకసారి ఆవిడ ఇంట్లో అన్నం తిన్నాను."

ఆ మాట అని, కంచరగాడిదలకి మేత వెయ్యడానికి లేచి వెళ్ళాడు.